మీ ఊరి పార్కు, చెరువు, పక్షుల తావు ప్రభుత్వ దీర్ఘకాలిక ప్రణాళికలో చేరాలంటే: శ్రీకాకుళం, విజయనగరం వాసులకు సమగ్ర మార్గదర్శి

‘మా కాలనీ పార్కు స్థలంలో ఎవరో షెడ్డు వేస్తున్నారు, ఎవరిని కలవాలి?’ ‘మా ఊరి చెట్లమీద ఏటా పక్షులు గూళ్లు పెడతాయి, రక్షిత ప్రాంతంగా ప్రకటించాలంటే ఏం చేయాలి?’ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల నుంచి ఇలాంటి ప్రశ్నలు ఆగకుండా వస్తున్నాయి. చాలామంది కలెక్టరేట్‌లో ఒక అర్జీ ఇచ్చి, రసీదు దాచుకుని ఎదురుచూస్తున్నారు.

అర్జీతో తప్పులేదు. కానీ ఒక చోటు ఇరవై ఏళ్లపాటు నిలవాలంటే అది మూడు చోట్ల కనిపించాలి: భూమి రికార్డులో, ప్రణాళిక పటం మీద, ఏటా ఆమోదించే బడ్జెట్‌లో. మూడింటిలో ఏది లేకపోయినా, అధికారి బదిలీ అయిన రోజున పని మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే కింద చెప్పిన వరుసను మార్చకండి. ముందు హోదా తెచ్చుకుందాం, రికార్డు తర్వాత చూద్దాం అనుకున్న ప్రతిపాదనలు సర్వేయర్ దగ్గరే ఆగిపోతాయి.

1. మీ చోటు ఏ కోవకు చెందుతుందో తేల్చుకోండి

ఒక్కో రకం స్థలానికి ఒక్కో ప్రణాళిక, ఒక్కో కార్యాలయం ఉన్నాయి. తప్పు గుమ్మం తట్టడం వల్లే ఎక్కువ కాలం వృథా అవుతోంది.

- లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం: పట్టణంలో అయితే మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగం, పల్లెలో అయితే పంచాయతీ. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చిన పట్టణాభివృద్ధి సంస్థ దగ్గర కూడా ఫైలు ఉంటుంది.
- పట్టణ పార్కు, కోనేరు: మున్సిపల్ కమిషనర్. ప్రణాళిక పేరు మాస్టర్ ప్లాన్.
- సాగునీటి చెరువు, బంద, గెడ్డ: జలవనరుల శాఖ లేదా పంచాయతీ, హద్దుల విషయంలో రెవెన్యూ శాఖ.
- రిజర్వు అడవి, కొండ: జిల్లా అటవీ అధికారి. ఇక్కడ పదేళ్ల కాలానికి రాసే వర్కింగ్ ప్లాన్ ఉంటుంది.
- పక్షులు గూళ్లు పెట్టే ఊరు: అటవీ శాఖ, పంచాయతీ, జీవవైవిధ్య నిర్వహణ కమిటీ కలిసి.
- సముద్ర తీరం: తీర ప్రాంత నిర్వహణ ప్రణాళిక పటం.

మీ మండలం ఏ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో కూడా ఇప్పుడే కనుక్కోండి. శ్రీకాకుళం వైపు సుడా, బొబ్బిలి వైపు బుడా, భోగాపురం వైపు వీఎంఆర్‌డీఏ ఉన్నాయి. పక్కపక్క గ్రామాలు రెండు సంస్థల కింద ఉండవచ్చు.

మరొక మెలిక జిల్లాల పునర్విభజన. 2022 ఏప్రిల్ 4న రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు వచ్చాయి. పాలకొండ, సీతంపేట, పార్వతీపురం, సాలూరు ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. ఆ మండలాల వారు పాత ఫైళ్ల కోసం పాత జిల్లా కార్యాలయంలోనూ అడగాలి. ‘మా దగ్గర లేదు’ అన్న జవాబుతో వెనక్కి రాకండి. ఎక్కడికి పంపారో రాతపూర్వకంగా చెప్పమనండి.

2. భూమి రికార్డు చేతికి తెచ్చుకోండి

మొత్తం పనిలో బరువైన భాగం ఇదే. దీనికి రెండు మూడు నెలలు పట్టినా పట్టనివ్వండి.

మొదట సర్వే నంబర్లు. పార్కయినా చెరువయినా ఎన్ని సర్వే నంబర్లలో విస్తరించిందో, ఒక్కో దానిలో విస్తీర్ణం ఎంతో రాసుకోండి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (కొత్త భూకమత పటం) నంబర్లు వచ్చాయి. పాతది, కొత్తది రెండూ పక్కపక్కన రాసి పట్టిక తయారు చేయండి. ఈ పట్టిక లేని ఫైలు ఏ కోర్టులోనూ, ఏ కార్యాలయంలోనూ నిలవదు.

తర్వాత మూల రికార్డు. ఉత్తరాంధ్రలో చాలా గ్రామాలు ఒకప్పుడు జమీందారీ ఎస్టేట్లలో ఉండేవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఆ గ్రామాలకు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఏ భూమి ఏ వర్గమో రాసిన మూల రికార్డు) తయారైంది. మీది అలాంటి గ్రామమైతే అసలు సాక్ష్యం అదే. రైత్వారీ (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన) గ్రామమైతే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు చూడాలి. ఇప్పటి అడంగల్ ఒక్కటే పట్టుకుని వెళ్తే, మధ్యలో జరిగిన మార్పులు కనిపించవు.

రికార్డులో ఆ భూమిని ఏ వర్గంగా రాశారన్నది జాగ్రత్తగా చదవండి. సోంపేట బీల ఉదంతం మనందరికీ తెలిసిందే. ఏడాది పొడవునా నీరు, చేపలు, మేత, సాగు అందించే తడి నేల. థర్మల్ విద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చేసరికి అధికారిక పత్రాల్లో దాన్ని పనికిరాని నేలగా చూపారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ నెలలోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ నేల స్వభావాన్ని గుర్తించి, ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అంత మూల్యం చెల్లించే స్థితి రాకముందే, ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే రికార్డు సరిచేయించుకోవాలి.

చేతిలో ఉండాల్సిన పత్రాలు:

- సర్వే నంబర్లు, ఎల్‌పీఎం నంబర్లు, విస్తీర్ణాల పట్టిక
- గ్రామ పటం, ఆయా నంబర్ల ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకళ్లు
- ఫెయిర్ అడంగల్ లేదా రీసెటిల్‌మెంట్ రిజిస్టరు నకలు
- ఇప్పటి అడంగల్, 1బి (భూ యజమానుల వివరాల రికార్డు)
- రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ నిషేధిత జాబితాలో ఆ నంబర్లు ఉన్నాయో లేదో చూపే ముద్రిత ప్రతి
- లేఅవుట్ స్థలమైతే ఆమోదం పొందిన లేఅవుట్ నక్షా, స్థానిక సంస్థకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్
- చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు చూపే పటం

ప్రభుత్వ స్థలం 22ఎ జాబితాలో లేకపోతే మిగతా పనులు ఆపి ముందు ఆ పని చూడండి. జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. ఆక్రమణను తొలగించడం కంటే రిజిస్ట్రేషన్‌ను ఆపడం ఎన్నో రెట్లు తేలిక.

3. ఏడాది మొత్తం చూసి, తేదీలతో నమోదు చేయండి

ఒక్క రోజు తీసిన ఫోటోలతో ప్రణాళిక రాయకూడదు. మే నెలలో ఎండిన చెరువు క్రికెట్ మైదానంలా ఉంటుంది. అక్టోబరులో అదే చోట నిండా నీరు. ప్రణాళిక రాసేవారు ఎండాకాలంలో వచ్చి చూస్తే పటం మీద ఖాళీ స్థలమే మిగులుతుంది.

మన జిల్లాలకు పనికొచ్చే కాలపట్టిక ఇలా ఉంటుంది. టెక్కలి మండలం తేలినీలాపురంలో పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు సుమారు సెప్టెంబరు నుంచి మార్చి వరకు ఉంటాయి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో ఓపెన్‌బిల్ కొంగలు గూళ్లు పెడతాయి. తీరం వెంట ఆలివ్ రిడ్లే తాబేళ్లు ముఖ్యంగా జనవరి నుంచి ఏప్రిల్ మధ్య ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. మీ చెరువు లెక్క అందులో చేరేలా చూడండి. ఒకే పద్ధతిలో ఏటా చేరిన లెక్కకు ఉన్న విలువ ఏ వినతిపత్రానికీ లేదు.

పక్షులతో పాటు మనుషుల లెక్క కూడా కావాలి. చేపలు పట్టేవారు, గట్టు మీద పశువులు మేపేవారు, ఆయకట్టు రైతులు, పొద్దున్నే నడవడానికి వచ్చే పెద్దలు, పండగకు వచ్చే భక్తులు. విజయనగరం పెద్దచెరువునే తీసుకోండి. పైడితల్లి అమ్మవారి తెప్పోత్సవానికి చోటు చూపని ప్రణాళికను ఆ ఊరు ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఎవరి వాడకాన్ని రాయకుండా వదిలేస్తారో వారే రేపు ప్రణాళికకు ఎదురు నిలుస్తారు.

ఒక జాగ్రత్త. తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయని చాలా పత్రాల్లో కనిపిస్తుంది. గూళ్లు పెట్టే ఈ పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌లు దక్షిణాసియాకు చెందినవే. ప్రతిపాదనలో సైబీరియా అని రాస్తే పక్షుల గురించి తెలిసిన అధికారి మిగతా అంకెలను కూడా అనుమానిస్తాడు. గూడు పెడుతున్నాయా, మేతకే వస్తున్నాయా, రాత్రి వాలడానికి వస్తున్నాయా అన్నది రాయండి. హోదాను నిర్ణయించేది అదే.

నమోదులో ఉండాల్సినవి:

- నెలకు ఒకసారి, అదే చోట నిలబడి తీసిన ఫోటో, తేదీతో
- నీటిమట్టం: ఏదైనా రాతి మెట్టును గుర్తుగా పెట్టుకుని
- పక్షుల రకం, సుమారు సంఖ్య, చేస్తున్న పని
- గూళ్లున్న ప్రతి చెట్టు: జాతి, ఎవరి స్థలంలో ఉంది
- మురుగు, చెత్త, మట్టి తవ్వకం జరుగుతున్న చోట్లు

4. ఏ హోదా సరిపోతుందో ఎంచుకోండి

అందరూ ‘అభయారణ్యం చేయండి’ అని అడుగుతారు. మన జిల్లాల్లోని చాలా చోట్లకు అది సరిపడదు. ఊరి మధ్య, పెరటి చెట్లమీద గూళ్లున్నప్పుడు అభయారణ్యం నిబంధనలు ఊరివారినే కష్టపెడతాయి. ఇతర దారులు చూడండి.

లేఅవుట్ ఖాళీ స్థలం. లేఅవుట్ విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదిలి, స్థానిక సంస్థకు ఉచితంగా రిజిస్టరు చేయాలి. గిఫ్ట్ డీడ్ ఉందా అన్నది మొదటి ప్రశ్న. నక్షాలో ఆకుపచ్చ రంగు ఉండి డీడ్ లేకపోతే, అమ్మినవారి వారసులు పదేళ్ల తర్వాత వచ్చి తలుపు తట్టవచ్చు. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల మండలాల్లో భూమి ధర చూస్తున్నాం కదా. అక్కడ ఈ తనిఖీ ఈ ఏడాదే జరగాలి.

మాస్టర్ ప్లాన్‌లో గుర్తింపు. పట్టణంలోని పార్కుకు, చెరువుకు ఇది పునాది. పటంలో పార్కుగానో జలవనరుగానో గుర్తించిన స్థలాన్ని ఇతర అవసరాలకు మార్చాలంటే భూ వినియోగ మార్పిడి ప్రక్రియ నడపాలి, దానికి బహిరంగ ప్రకటన ఇవ్వాలి. అప్పుడు అభ్యంతరం చెప్పే అవకాశం మీకు దక్కుతుంది. పట్టణ ప్రణాళికకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. మీ వార్డు జనాభాను, అక్కడున్న పార్కుల విస్తీర్ణాన్ని లెక్కకట్టి అభ్యంతర పత్రంలో చూపండి. వాదన బలపడుతుంది.

చిత్తడి నేలల నిబంధనలు, 2017. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. నదీ ప్రవాహ మార్గాలు, వరి పొలాలు, తాగునీటి కోసం కట్టిన చెరువులు, సాగునీరు, ఉప్పు తయారీ, చేపలు రొయ్యల పెంపకం, వినోదం కోసం ప్రత్యేకంగా నిర్మించినవి ఈ నిబంధనల నిర్వచనంలోకి రావు. అంటే సాగునీటి చెరువుకు చిత్తడి నేల హోదా అడిగితే తిరస్కరణ దాదాపు ఖాయం. సోంపేట బీల, నౌపడ తంపర (తీరం దగ్గరి ఉప్పునీటి చిత్తడి) వంటి సహజమైన తడి నేలల విషయం వేరు. అక్కడ ఉప్పు మడులను విడదీసి, సహజ భాగాన్ని పటంలో గీసి అడగాలి. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా గుర్తించిన 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడి నేలలకు 2010 నాటి పాత చిత్తడి నేలల నిబంధనల్లోని 4వ నిబంధన సూత్రాల ప్రకారం రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు 2017లో ఆదేశించింది. మీ చోటు ఆ జాబితాలో ఉందేమో జిల్లా యంత్రాంగాన్ని రాతపూర్వకంగా అడగండి. ఉంటే సగం పని అయినట్టే.

కన్జర్వేషన్ రిజర్వు, కమ్యూనిటీ రిజర్వు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 36ఎ, 36సి సెక్షన్లు. ప్రభుత్వ భూమి అయితే కన్జర్వేషన్ రిజర్వు. సామూహిక లేదా ప్రైవేటు భూమి అయి, యజమానులు స్వచ్ఛందంగా ముందుకొస్తే కమ్యూనిటీ రిజర్వు. రెండో దానిలో భూమి యాజమాన్యం మారదు. పంచాయతీ సూచించిన కనీసం ఐదుగురు సభ్యులు, అటవీ శాఖ ప్రతినిధి ఒకరు కమిటీలో ఉంటారు. ప్రకటన వచ్చాక భూ వినియోగం మార్చాలంటే కమిటీ తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం రెండూ కావాలి. పెరటి చెట్లమీద కొంగలు గూళ్లు పెట్టే గ్రామాలకు నా దృష్టిలో దీనికి మించిన దారి లేదు. అయితే సంతకం చేసే ముందు ప్రతి ఇంటివారికీ ఈ చివరి షరతు విడమరచి చెప్పండి. తర్వాత తెలిస్తే మోసపోయామనుకుంటారు.

జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం. 2002 జీవవైవిధ్య చట్టంలోని 37వ సెక్షన్ కింద, స్థానిక సంస్థలతో సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. దీనికి పంచాయతీలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చాలాచోట్ల కమిటీ కాగితం మీద ఉంటుంది, రిజిస్టరు ఎవరూ తెరిచి ఉండరు. మూడో అడుగులో చేసిన నమోదును అందులో చేర్పించండి.

తీరం. తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనల్లో తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, మడ అడవులు, ఉప్పు చిత్తడులు, పక్షులు గూళ్లు పెట్టే చోట్లు అత్యంత సున్నితమైన వర్గంలోకి వస్తాయి. మీ తీరం పటంలో ఆ వర్గంగా గీశారా లేదా అన్నదే చూడాలి.

ఇంకో మాట. బోర్డు మీద ‘పక్షుల సంరక్షణ కేంద్రం’ అని రాసి ఉన్నంత మాత్రాన చట్టబద్ధమైన రక్షణ ఉందనుకోకండి. గెజిట్ ప్రకటన నంబరు, తేదీ అడగండి.

గూళ్లున్న చోటుతో పాటు మేత దొరికే చోటు కూడా మీ ప్రతిపాదనలో ఉండి తీరాలి. తేలినీలాపురం పక్షులు నౌపడ తంపరలో మేత వెతుక్కుంటాయి. ఓపెన్‌బిల్ కొంగలు పొలాల్లో, చెరువుల్లో నత్తలు తిని బతుకుతాయి. చెట్లకు రక్షణ ఇచ్చి మేత నేలను వదిలేస్తే కొన్నేళ్లకు చెట్లు ఖాళీ అవుతాయి. సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టు నిర్మాణం సాగుతున్న ఈ కాలంలో ఈ రెండో పటం మరీ అవసరం.

5. గడువులు పట్టుకోండి

మాస్టర్ ప్లాన్ దాదాపు ఇరవై ఏళ్లకు రాస్తారు. అటవీ వర్కింగ్ ప్లాన్, రక్షిత ప్రాంతాల నిర్వహణ ప్రణాళిక పదేళ్లకు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, మున్సిపల్ బడ్జెట్ ఏడాదికి. పెద్ద ప్రణాళిక ముసాయిదా దశలో ఒక్కసారి తలుపు తెరుస్తుంది. అది తప్పితే సవరణ కోసం ఏళ్లు తిరగాలి.

- ముసాయిదా మాస్టర్ ప్లాన్ ప్రకటన వెలువడగానే అందులో ఇచ్చిన చివరి తేదీ రాసుకోండి. సంస్థ కార్యాలయానికి వెళ్లి పటాన్ని కళ్లారా చూడండి. పటంలో మీ సర్వే నంబరు మీద ఏ రంగు ఉందో ఫోటో తీసుకోండి.
- పంచాయతీ ప్రణాళిక కోసం గ్రామసభలు అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. సెప్టెంబరులోనే తీర్మానం ముసాయిదా సర్పంచ్‌కు ఇవ్వండి.
- మున్సిపల్ బడ్జెట్ ఏప్రిల్‌కు ముందే కౌన్సిల్ ఆమోదం పొందాలి. నవంబరు, డిసెంబరుల్లో అడిగితే వింటారు. మార్చిలో అడిగితే వచ్చే ఏడాది చూద్దామంటారు.
- దగ్గర్లో భారీ పరిశ్రమ వస్తుంటే ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మీ నమోదు పుస్తకం నకలు ఆ రోజున రాతపూర్వకంగా అందించి, సభా కార్యవృత్తంలో చేర్చమనండి.

అభ్యంతర పత్రం ఒక్క పేజీ దాటకూడదు. నమూనా:

‘ఫలానా మండలం, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాలోని ఇన్ని ఎకరాల ఇన్ని సెంట్లు ఫెయిర్ అడంగల్ ప్రకారం చెరువు పోరంబోకు. ముసాయిదా పటంలో దీన్ని నివాస ప్రాంతంగా చూపారు. పూర్తి నీటిమట్టం హద్దు వరకు జలవనరుగా, గట్టు వెలుపలి స్థలాన్ని పార్కుగా మార్చాలని కోరుతున్నాము. జతపరచినవి: ఫెయిర్ అడంగల్ నకలు, ఎఫ్‌ఎంబీ, పన్నెండు నెలల ఫోటోలు, గ్రామసభ తీర్మానం.’

ఆవేదన, ఊరి చరిత్ర ఇందులో వద్దు. ఏ నంబరు, ఇప్పుడు ఏముంది, ఏం మార్చాలి, ఆధారం ఏమిటి. ఈ నాలుగూ చాలు. సంతకాలు వందల్లో సేకరించడానికి ఖర్చుచేసే శ్రమలో సగం ఆధారాల మీద పెట్టండి.

6. నిర్వహణ ప్రణాళిక మీరే రాసి ఇవ్వండి

అధికారులు రాస్తారని ఎదురుచూస్తే కన్సల్టెంట్ వచ్చి ఎక్కడైనా పనికొచ్చే పత్రం ఇచ్చిపోతాడు. స్థానికులు రాసిన ముసాయిదా ముందుంటే చర్చ దాని చుట్టూనే నడుస్తుంది.

హద్దులతో మొదలుపెట్టి స్థలాన్ని మూడు భాగాలు చేయండి. గూళ్లు, గుడ్లు ఉన్న చోటు: ఆ కాలంలో ఎవరూ వెళ్లకూడదు. వాడకం సాగే చోటు: చేపలు, మేత, రేవు. సందర్శకుల చోటు: నడక దారి, బల్లలు, మరుగుదొడ్డి. ఏ భాగంలో ఏ పని నిషిద్ధమో నెలలతో సహా రాయండి. ఊరికే ‘నియంత్రించాలి’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘సెప్టెంబరు నుంచి మార్చి వరకు గూళ్ల చెట్ల కింద టపాసులు, మైకులు, కొమ్మల నరికివేత నిషిద్ధం’ అని రాస్తే అమలు చేయవచ్చు.

కాలాన్ని కూడా ముక్కలు చేయాలి.

- మొదటి ఏడాది: సర్వే, హద్దు రాళ్లు, 22ఎ జాబితా, మురుగు కాలువ మళ్లింపు అంచనా. మొక్కలు కూడా ఈ ఏడాదిలోనే.
- రెండు, మూడు ఏళ్లు: మురుగు ఆపడం, గుర్రపుడెక్క, తూటికాడ తొలగింపు, నడక దారి.
- ఐదో ఏట: పక్షుల, నీటి లెక్కలతో సమీక్ష. పనిచేయనివి తీసేయడం.
- పదో ఏట: నిర్వహణ ప్రణాళిక కొత్తగా రాయడం.
- ఇరవయ్యో ఏడు: కొత్త మాస్టర్ ప్లాన్‌కు ఈ ఫైలే ఆధారంగా ఇవ్వడం.

మొక్కలను మొదటి ఏడాదికే పెట్టడానికి కారణం తుపాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో చూశాం. గూళ్ల చెట్లు అన్నీ ముసలివే అయితే ఒక్క రాత్రితో పక్షుల తావు పోవచ్చు. కొత్త చెట్టు గూటికి పనికొచ్చే ఎత్తు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఇప్పుడున్న ప్రతి గూళ్ల చెట్టుకూ వారసులుగా రెండు మూడు మొక్కలు ఈ వానాకాలంలోనే నాటించాలి. రావి, మర్రి, చింత, నేరేడు, కానుగ, తీరానికి దగ్గరలో పొన్న. తుపాను తర్వాత ఎవరు ఏం చేయాలో కూడా ఒక పేజీ ఉండాలి: విరిగిన కొమ్మలు తొలగించే ముందు గూళ్లు చూడటం, కిందపడిన పిల్లలను ఎవరికి అప్పగించాలి, గండి పడిన గట్టును ఎవరు పూడ్చాలి.

7. డబ్బును రెండుగా విడదీసి అడగండి

నిర్మాణ ఖర్చు వేరు, నిర్వహణ ఖర్చు వేరు. మొదటిది దొరకడం తేలిక. ఆర్థిక సంఘం నిధులు, పట్టణాల్లో పార్కులకు, చెరువుల పునరుద్ధరణకు అమృత్ వంటి పథకాలు, అటవీ భూముల్లో కంపా (అడవి నష్టానికి బదులుగా వసూలు చేసే పరిహారం) నిధులు ఉంటాయి. రెండోది ఎవరూ అడగరు. కాపలాదారు జీతం, మోటారు కరెంటు బిల్లు, కలుపు తీత, చెత్త తరలింపు, మొక్కలకు వేసవి నీరు: వీటిని నెలవారీ లెక్కకట్టి, పన్నెండుతో గుణించి, బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు కోరండి. నిర్వహణ పద్దు లేకుండా కొత్త ఫౌంటెన్ మంజూరైతే, దాన్ని వాయిదా వేయమని అడిగే ధైర్యం కమిటీకి ఉండాలి.

8. తరచుగా జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

చెరువు చుట్టూ కాంక్రీటు. సుందరీకరణ పేరుతో గట్లను నిట్టనిలువు గోడలుగా కడుతున్నారు. లోతులేని అంచుల్లోనే కొంగలు మేస్తాయి, తుంగ పెరుగుతుంది, చేపలు గుడ్లు పెడతాయి. దిద్దుబాటు: సందర్శకుల వైపు ఒక్క పక్కనే రాతి కట్టడం, మిగతా మూడు వైపులా వాలు మట్టి గట్టు. పనికి టెండరు పిలవకముందే అంచనా ప్రతిలో మార్చాలి. పిలిచాక మార్చడం చాలా కష్టం.

పూర్తి నీటిమట్టం లోపల నడక దారి. చెరువును కాపాడే పనే చెరువును కుదిస్తుంది. నడక దారి పటం మీద నీటిమట్టం గీత గీయించి, గీత దాటిన భాగాన్ని వెనక్కి జరపమనండి.

చెరువుకు నీరు తెచ్చే గెడ్డను మరిచిపోవడం. చెరువు హద్దులు కాపాడి, నీరొచ్చే దారిలో లేఅవుట్ రావడం చూస్తున్నాం. ప్రతిపాదనలో గెడ్డ సర్వే నంబర్లు, కలుజు నుంచి నీరు పోయే కాలువ నంబర్లు కూడా చేర్చండి.

గూళ్ల దగ్గర దీపాలు. తీరంలో మరీ ప్రమాదం. గుడ్ల నుంచి బయటికొచ్చిన తాబేలు పిల్లలు వెలుతురు వైపు వెళ్లి సముద్రం చేరలేకపోతాయి. జనవరి నుంచి తీరం వైపు దీపాలు ఆపడం, లేదా నేల వైపు వంచి మూతలు పెట్టడం కోరండి. అలల హద్దుకు ఆనుకుని సరుగుడు నాటినా తాబేళ్లకు ఇసుక మిగలదు. తోటను వెనక్కి జరపమని అటవీ శాఖకు రాయండి.

కార్తెల లెక్క చూడకుండా పూడిక తీత. నీరు తగ్గిన వేసవిలో, గూళ్ల కాలం ముగిశాక చేయాలి. చెరువంతా ఒకే లోతుకు తవ్వించకండి. కొంత లోతు, కొంత మెరక, మధ్యలో చిన్న మట్టి దిబ్బ ఉంచితే చేపకూ పక్షికీ పనికొస్తుంది.

ఆక్రమణదారులందరినీ ఒకే గాటన కట్టడం. నాలుగు సెంట్లలో గుడిసె వేసుకున్న కుటుంబం వేరు, చెరువు గర్భంలో ఎకరాలు చదునుచేసిన వ్యాపారి వేరు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పును జతచేయండి. పేదలకు ప్రత్యామ్నాయ స్థలం చూపమని అదే అర్జీలో అడగండి. అలా చేస్తే ఊరు చీలదు.

9. ఆమోదం తర్వాత వెంటపడటం

ఆమోదపు ఉత్తర్వు నకలు చేతికి వచ్చేదాకా మాటలు నమ్మి కూర్చోకండి. ప్రతి త్రైమాసికంలో ఒకసారి చూడాల్సినవి:

- 22ఎ జాబితాలో నంబర్లు అలాగే ఉన్నాయా
- హద్దు రాళ్లు కదిలాయా
- నిర్వహణ పద్దులో ఎంత ఖర్చయింది
- పత్రికల్లో, నోటీసు బోర్డుల మీద భూ వినియోగ మార్పిడి ప్రకటన ఏదైనా వచ్చిందా
- కమిటీ సమావేశమై, తీర్మానాలు పుస్తకంలో రాసిందా

సమాచారం దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి రూ.5, ఆపైన రూ.10. జవాబుకు 30 రోజులు. ‘మా పార్కు సంగతేమిటి’ అని అడిగితే జవాబు రాదు. ‘ఫలానా తేదీ తీర్మానం నంబరు ఫలానాపై తీసుకున్న చర్యల ఫైలు నోట్ నకలు ఇవ్వండి’ అని అడగండి.

ఆక్రమణ మొదలైతే అదే రోజున ఫోటో, అదే వారంలో తహసీల్దార్‌కు, కమిషనర్‌కు రాతపూర్వక ఫిర్యాదు, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పర్యావరణ నష్టం ఉంటే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం చెన్నైలో ఉంది. వివాదం తలెత్తిన ఆరు నెలల్లోపు అక్కడికి వెళ్లాలి. చర్చలు జరుగుతున్నాయి కదా అని ఈ గడువు దాటనివ్వకండి.

ఫైలు ఒక్కరి ఇంట్లో ఉంచవద్దు. ఒక ప్రతి పంచాయతీ లేదా వార్డు సచివాలయంలో, ఒకటి ఊరి గ్రంథాలయంలో లేదా పాఠశాలలో, ఒకటి స్కాన్ చేసి కమిటీ సభ్యులందరి ఫోన్లలో ఉండాలి. కొత్త కమిషనర్, తహసీల్దార్ లేదా అటవీ అధికారి బాధ్యతలు తీసుకున్న నెలలోనే ఆ ఫైలుకు రెండు పేజీల సారాంశం, సర్వే నంబర్ల పట్టిక జతచేసి స్వయంగా అందించి, ఆ చోటికి తీసుకెళ్లి చూపించండి.